గుండ్రంగా కూర్చున్న క్లాసులో నా ఉపన్యాసం

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఇంగ్లీషు క్లాసు అంటే టీచరు చెప్పడం, మేం వినడం, పరీక్షలో అదే సరుకు ఆవిడకి తిరిగి అప్పజెప్పడం. మధ్యలో నోరెత్తితే బెంచీ ఎక్కించేవారు. అలాంటి నన్ను పదిహేనేళ్ళ వయసులో తీసుకొచ్చి అమెరికాలో నోవై అనే ఊరి మంచులో పడేశారు నాన్న, కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని. హైస్కూల్లో మొదట వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు నేర్పే గదిలో వేశారు. అక్కడ ఆపిల్ బొమ్మ చూపించి "ఇదేమిటి?" అని అడిగేవారు. (ఆపిలే. ఎన్నిసార్లు అడిగినా ఆపిలే.) పక్క గదిలో మాత్రం నా ఈడు పిల్లలు లావుపాటి నవలలు చదివి, వాటి గురించి పోట్లాడుకుని, పకపకా నవ్వుకునేవారు. ఆ గదిలోకి వెళ్ళాలని నాకు ఎంత ఆశంటే, బతిమాలీ బతిమాలీ ఆ టీచరు ప్రాణం తీశాను. చివరికి ఆవిడ కొన్నాళ్ళు పరీక్షగా చేర్చుకుంది. రోజుకో జంతువు బొమ్మ ఉన్న స్వెటర్ వేసుకొచ్చేది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు స్వెటరమ్మ. నవల సగం చదివి క్లాసులో చర్చించాలి, దాని మీద ఒక పేజీ రాయాలి, అప్పుడు నన్ను ఉంచాలో వెనక్కి పంపాలో చెప్తానంది.

"చర్చకి మార్కులా? అంటే ఎలక్యూషనే కదమ్మడూ!" అన్నారు నాన్న, కళ్ళు మెరిసిపోతూ. ఆయన హైస్కూల్లో వక్తృత్వపు పోటీలో స్టీలు పళ్ళెం గెలిచారు. (ఆ పళ్ళెం మాతోపాటు అమెరికా కూడా వచ్చింది. అమ్మ దాన్ని బియ్యం ఏరుకోవడానికి వాడేది.) బూట్లకి అంటిన మంచు కూడా దులుపుకోకుండా కూర్చుని ఉపన్యాసం రాసేశారు. నవలేమిటంటే, వానల్లేని ఊళ్ళో ఒక తల్లి కొడుక్కి చెప్పకుండా వాడి గుర్రాన్ని అమ్మేసి విత్తనాలు కొంటుంది. అంతవరకు నేను చెప్పగానే "చాలు చాలు, మాతృమూర్తి త్యాగం! ఇంక చదవక్కర్లేదు" అన్నారు. బేస్‌మెంట్‌లో రిహార్సల్స్. త్యాగం అన్నప్పుడు కుడి చెయ్యి పైకి, కన్నీరు అన్నప్పుడు ఎడమ చెయ్యి గుండె మీదికి. జడ్జి అమ్మ. టైమ్ అయిపోతే గరిటెతో బట్టలారబెట్టే డ్రయ్యర్ మీద ఠంగుమని కొట్టేది. నాకు భయం లేదు సరికదా, ఎప్పుడు తెల్లారుతుందా అని ఒకటే ఆత్రం.

మర్నాడు క్లాసులో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. స్వెటర్ మీద నక్క. "ఎవరు మొదలుపెడతారు?" అని ఆవిడ అనడమే ఆలస్యం, నేను లేచి ఆ కుర్చీల నట్టనడుమ నిలబడ్డాను. "రెస్పెక్టెడ్ టీచర్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్!" అని ఎత్తుకున్నాక ఊపిరి తీసుకోలేదు. వెనకున్నవాళ్ళకి వీపు చూపించడం మర్యాద కాదని గిరగిరా తిరుగుతూ మరీ చెప్పాను. చేతులు పైకీ కిందికీ ఆడుతున్నాయి. చివర "థాంక్యూ వన్ అండ్ ఆల్" అని నమస్కారం పెట్టి చప్పట్ల కోసం చూశాను. ఎవరూ కదల్లేదు. "బావుంది," అంది స్వెటరమ్మ మెల్లగా. "ఇప్పుడు కూర్చో. మాట్లాడుకుందాం." మరి ఇంతసేపూ నేను చేసిందేమిటి? నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. పక్క గదికి తిరుగు ప్రయాణం ఖాయం అనుకున్నాను.

అంతలో ఎదురుగా ఉన్న ఎర్రజుట్టు కుర్రాడు నావైపు చూసి, "నేనొప్పుకోను. గుర్రం వాడిది. అడక్కుండా అమ్మిందంటే ఆవిడ దొంగ" అన్నాడు.

దొంగా! అమ్మని పట్టుకుని! నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో నీదేంటి, నాదేంటి?" అని తెలుగులోనే అరిచి, తర్వాత ఇంగ్లీషులోకి దిగాను. "మా అమ్మమ్మ నాకు పెట్టిన గొలుసు మా అమ్మ అమ్మేసింది. మా విమానం టిక్కెట్లకి! నన్నడిగిందా? లేదు. అయితే మా అమ్మ దొంగా?"

ఎర్రజుట్టు ముందుకి వంగాడు. "నీకు కోపం రాలేదూ?"

"ఎందుకు రాదు? విమానం దిగేదాకా మాట్లాడలేదు!"

"మరి నువ్వు వాడి పక్షమే కదా!"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. ఇంక ఆగలేదు. కోపం న్యాయమే, దొంగ అనడం అన్యాయం అని నేను. ఒక్క మాట చెప్తే ఆవిడ సొమ్మేం పోయింది అని వాడు. చెప్తే కొడుకు వద్దంటాడు, వద్దంటే అమ్మడం కుదరదు, అమ్మకపోతే ఏం తింటారు అని నేను. వ్యాకరణం ఏ మూలకి పోయిందో నాకు తెలియదు, ఎవరూ వెతకలేదు కూడా. బెల్ కొట్టినా ఎవరమూ లేవలేదు. స్వెటరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు అన్నదంతా ఉన్నదున్నట్టు రాసుకురా. నువ్వీ క్లాసులోనే ఉంటున్నావు" అంది. బస్సు దాకా నడిచానో ఎగిరానో గుర్తులేదు.

నాన్న గుమ్మంలోనే "ఉపన్యాసం ఎలా పండింది?" అన్నారు. "అందరూ కొయ్యబారిపోయారు నాన్నా" అన్నాను. (అబద్ధం కాదు.) అమ్మకి మాత్రం అంతా చెప్పాను. "గొలుసు సంగతి క్లాసులో చెప్పావుటే? పరువు తీశావు కదే!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మళ్ళీ చిక్కుడుకాయలు తుంచుతూ, నావైపు చూడకుండా, "ఇంతకీ ఆ గుర్రం పిల్లాడు వాళ్ళమ్మతో మళ్ళీ మాట్లాడాడా?" అని అడిగింది.

నేనింకా సగమే చదివాను. అయినా తడుముకోకుండా "మాట్లాడాడమ్మా, మర్నాడే" అన్నాను. తర్వాత చదివితే, ఆ మొండివెధవ ఆఖరి పేజీ దాకా మాట్లాడనేలేదు. ఆ సంగతి అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే, ఆ పుస్తకం గురించి నేను ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోకుండా కల్పించిన మొదటి సొంత ముగింపు, అమ్మకి చెప్పిన ఆ అబద్ధమేనని నవ్వొస్తుంది.