తలబ్ వచ్చి పోయేదాకా

నేను సిగరెట్ మానేసింది డాక్టరు భయపెట్టి కాదు, దేవుడికి మొక్కుకునీ కాదు. భువనగిరి కోట మెట్ల మీద నా భార్య నా చేతిలోంచి టిఫిన్ సంచి తీసుకున్నందుకు మానేశాను.

రెండువేల నాలుగో, అయిదో అయి ఉంటుంది. నాచారం పారిశ్రామికవాడలో, పంపులకు విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. ఒక ఆదివారం పనివాళ్లమంతా పెళ్లాం పిల్లలతో కలిసి కోట చూడ్డానికి పోయాం. సగం ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. బండ మీద కూలబడ్డాను. ముప్ఫై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు అప్పటికి. నాకంటే పెద్దవాళ్లు పక్కనుంచి ఎక్కిపోతున్నారు. నా భార్య చంకలో పిల్లతో చాలా దూరం వెళ్లిపోయి, నేను కనపడకపోయేసరికి మళ్లీ దిగి వచ్చింది.

"ఏందయ్యా, గింతకేనా?" అంది.

కోప్పడలేదు, నవ్వలేదు. నా చేతిలోని సంచి తీసుకుని, ఇటు పిల్ల అటు సంచితో మళ్లీ పైకెక్కడం మొదలుపెట్టింది. ఆ మాటకన్నా, ఆ సంచి తీసుకోవడమే నన్ను ఎక్కువ కోసింది.

సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగాం. రోజూ నేను ఆగే పాన్ డబ్బా అక్కడే. డబ్బా ఆయన నన్ను చూడగానే అలవాటుగా పెట్టె తీసి ముందు పెట్టాడు.

"వద్దన్నా" అన్నాను.

"గీ కంపెనీది వద్దా?"

"ఏదీ వద్దు."

ఆయన నా ముఖంలోకి చూసి, "పానం మంచిగ లేదా?" అన్నాడు. మంచిగనే ఉందని చెప్పి ఇంటికొచ్చేశాను.

మొదటి రోజుల సంగతి మానేసిన ప్రతివాడూ చెప్పేదే. తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఉప్పు తక్కువైందని కంచం నెట్టేయడం. నా భార్య ఎండబెట్టిన ఉసిరి ముక్కలు చిన్న డబ్బాలో పోసి ఇచ్చేది. అవి బుగ్గన పెట్టుకుని ఎలాగో గడిపాను. ఆ రోజుల గురించి నాకు పెద్ద గొప్ప లేదు. అందరి కళ్లూ మన మీద ఉంటాయి, మనకూ కొత్త ఉత్సాహం ఉంటుంది, గడిచిపోతాయి. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఎవరూ చూడనప్పుడు, మానేసిన సంగతి అందరూ మర్చిపోయాక.

సిగరెట్ మీదికి మనసు లాగడాన్ని మా వైపు తలబ్ అంటారు. ఆకలిలాగా అది వేళకు రాదు. నెలలకొద్దీ కనపడదు. ఒకరోజు లేత్ మీద ఒక భాగం బాగా కుదిరిందనుకోండి, చేతులు తుడుచుకుంటుండగా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. లాలాపేట్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వస్తుంది. మొదటి వాన పడి మట్టి తడిస్తే వస్తుంది. కలలో కూడా వచ్చేది. కలలో హాయిగా తాగేసి, అయ్యో పాడైపోయిందే అని దిగులుతో లేచేవాణ్ణి. లేచి, అది కల అని తెలిశాక కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ఫ్యాక్టరీలో నాకు దగ్గరి మనిషి ఒకాయన ఉండేవాడు. తెనాలి వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. మేం చేసిన భాగాల కొలతలు సరిచూడటం ఆయన ఉద్యోగం. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను. మా స్నేహమంతా గేటు బయట ఛాయ్ బండి దగ్గర, పొగలోనే పెరిగింది. ఇంటి సంగతులు, పిల్లల చదువులు, యజమాని మీద విసుగు, అన్నీ అక్కడే. నేను మానేశానని చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది.

"అయితే ఇక టీకి రావన్నమాట" అన్నాడు.

"ఎందుకు రాను అన్నా? ఛాయ్ తాగుత. మీరు జర గాలికి అటుపక్క నిలబడుర్రి."

అప్పటినుంచి ఆయన ఎప్పుడూ గాలి ఎటు వీస్తుందో చూసుకుని నిలబడేవాడు. నేను ఛాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే దానికి పాత పని గుర్తొచ్చేది మరి.

ఇలా మూడు నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక యజమాని అందర్నీ పిలిచి, ఆర్డర్లు లేవని, ఫ్యాక్టరీ మూసేస్తున్నానని చెప్పాడు. గేటు బయటికొచ్చి నిలబడ్డాం. పెద్దపిల్లను అప్పుడే బడిలో వేశాం, చిన్నది నా భార్య కడుపులో ఉంది. అన్న సిగరెట్ ముట్టించాడు. ఆ రోజు గాలి ఎటువైపో చూసుకోలేదు. పొగ సూటిగా నా ముఖం మీదికొచ్చింది.

"ఒకటియ్యరాదన్నా" అన్నాను.

ఆయన నావైపు చూసి పెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

"నా చేత్తో ఇవ్వనయ్యా."

"ఒక్కటే. రేపటి సంది మల్ల ముట్ట."

"కావాలంటే వెళ్లి కొనుక్కో, కొట్టు ఎదురుగానే ఉంది. నేను మాత్రం ఇవ్వను."

"మీరు తాగుతున్నరు గద!" కోపంగానే అన్నాను.

"నేనెప్పుడూ మానలేకపోయాను. నువ్వు మానావు. మా ఫ్యాక్టరీలో ఒకడున్నాడు, పట్టుబట్టాడంటే అంతే అని మా ఇంట్లో నీ గురించి చెబుతుంటాను. ఆ మాట పాడుచెయ్యకు."

కొట్టు నిజంగానే ఎదురుగా ఉంది. రోడ్డు దాటితే చాలు. నేను అక్కడే నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. అన్న తన సిగరెట్ సగంలోనే కింద పడేసి చెప్పుతో నలిపాడు. కాసేపటికి నా గుండెల మీద బరువు అలాగే ఉంది గాని, తలబ్ మాత్రం లేదు. అది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. ఆ రోజు నాకు ఒక విషయం అర్థమైంది. దాన్ని గెలవాల్సిన పనిలేదు, కొట్లాడాల్సిన పనీ లేదు. వచ్చినదాన్ని పోనివ్వాలి. అది పోయేదాకా రోడ్డు దాటకుండా నిలబడితే చాలు.

ఆ తర్వాత మేడిపల్లిలో ఒక వెల్డింగ్ షాపులో చేరాను. గేట్లు, కిటికీ ఊచలు చేసేవాళ్లం. లేత్ మీద వెంట్రుకంత తేడా పట్టుకున్న చేతులకు అది మోటు పనే. కానీ వరంగల్ రోడ్డు పొడుగునా ఇళ్లు లేస్తున్నాయి, పనికి కొదువ లేదు. అక్కడ అందరూ తాగేవాళ్లే. వెల్డింగ్ నిప్పురవ్వతోనే బీడీ ముట్టించే మొనగాళ్లు. "పెండ్లాంకు భయపడ్తవా?" అని ఆటపట్టించేవాళ్లు. "అవును, భయపడ్త" అనేవాణ్ణి. ఆ జవాబు తర్వాత ఎగతాళి చేయడానికి ఏమీ మిగలదు.

మా నాయన పోయింది ఆ రోజుల్లోనే. ఉప్పల్‌లో తాతల కాలం నుంచి ఉన్న రైతు కుటుంబం మాది. మా నాయన జొన్న వేసిన చేను మీద ఇప్పుడు కాలనీ ఉంది. ఆ కాలనీలోంచే ఆయన పాడె సాగింది. నేను కుండ పట్టుకుని ముందు నడిచాను. నా చేతులతోనే చితికి నిప్పు పెట్టాను. మంట అంటుకుని పైకి లేచాక, కాస్త దూరంగా వచ్చి కూర్చున్నాం. మగవాళ్లందరి చేతుల్లోనూ సిగరెట్లో బీడీలో వెలుగుతున్నాయి. మా అక్క భర్త, మా బావ, నా పక్కన కూర్చుని ఒకటి నా ముందుకు చాపాడు.

"తాగు బావా. మనసు తేలికయితది. ఇయ్యాల ఎవ్వరేమనరు."

ఎవరూ ఏమీ అనరన్నది నిజమే. నా భార్య కూడా ఆ రోజు ఏమీ అనేది కాదు. మా నాయన చేతి వాసన అంటేనే నాకు బీడీ వాసన. ఆ పొగ పీలిస్తే ఆయన కాసేపు నా దగ్గరికి వస్తాడేమో అనిపించింది. అంత బలంగా తలబ్ అంతకు ముందెప్పుడూ రాలేదు, తర్వాత కూడా రాలేదు.

"మనసు తేలిక గావద్దు బావా" అన్నాను. "గిట్లనే ఉండనీ ఇయ్యాల."

ఆయనకు అర్థమైందో లేదో గాని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను మంటవైపు చూస్తూ బాగా ఏడ్చాను. ఇంటికి వెళ్లేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మా నాయన కోసం పూర్తిగా, పొగ అడ్డం లేకుండా ఏడవగలిగానన్నది ఈ రోజుకీ నాకు తృప్తి.

కష్టం వచ్చినప్పుడే తలబ్ వస్తుందనుకుంటారు. సంతోషంలో కూడా వస్తుంది, ఇంకా తియ్యగా వస్తుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో వరంగల్ రోడ్డు మీద వంటావార్పు పెట్టేవాళ్లం. రోడ్డు మధ్యలో పొయ్యిలు, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పాటలు, డప్పులు. పొద్దంతా రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మధ్య సిగరెట్ పెట్టె చేతులు మారుతూ పోయేది. నేను దాన్ని అందుకుని పక్కవాడికి ఇచ్చేవాణ్ణి. ఒకతను, "ఏం ఉద్యమకారునివన్నా నువ్వు, దమ్ము గూడ గొట్టవు" అన్నాడు. "గొట్టనందుకే గొంతు లేస్తది, సూడు" అని నినాదం ఎత్తుకున్నాను. నిజంగానే గొంతు లేచింది. వెనక వరసలవాళ్లు కూడా అందుకున్నారు.

ఆ కాలంలో అన్న మా ఇంటికి రావడం తగ్గించాడు. నేనే వెళ్లి అడిగాను. "మీరందరూ రోడ్డు మీద ఉంటే మధ్యలో నేనెందుకని" అన్నాడు నెమ్మదిగా. "రోడ్డు మీద రోడ్డు సంగతి. మీ ఇంట్ల ఛాయ్ తాగనీకి ఎవ్వర్నడగాలె నేను?" అన్నాను. వాళ్లావిడ లోపలినుంచి నవ్వింది. ఆ రోజు ఛాయ్ రెండుసార్లు పెట్టింది.

తెలంగాణ వచ్చిన నాటి పొద్దున ఉప్పల్ చౌరస్తా అంతా గులాల్. మెట్రో స్తంభాలకు కూడా రంగు అంటింది. బావ ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని, తన నోట్లోని సిగరెట్ తీసి నా పెదాల మధ్య పెట్టేశాడు.

"ఇయ్యాల గుడ తాగవా? తెలంగాణొచ్చింది బావా!"

ఇన్నేళ్ల తర్వాత అది నా పెదవులను తాకింది. ఒక్క దమ్ము పీలిస్తే అయిపోయేది. నేను దాన్ని తీసి మళ్లీ ఆయన నోట్లోనే పెట్టి, నా జేబులోని మిఠాయి ఆయన చేతిలో పెట్టాను. "వచ్చింది గద, ఇంకేం గావాలె" అన్నాను. ఇద్దరం ఒళ్లంతా గులాల్ నిండేదాకా అక్కడే ఎగిరాం.

మరో ఆరేడేళ్లు గడిచేసరికి అన్నోజిగూడ దగ్గర రోడ్డు పక్కన నాకొక చిన్న షెడ్డు ఉండేది. అందులో ఒక పాత లేత్, నేను, నాకు తోడు ఒక పనివాడు. ఒకరోజు ఎండ చల్లబడుతుండగా అన్న బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. గుండెకు స్టెంటు వేశారట. నాకు ఎవరూ చెప్పలేదు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు గాని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద, ఒళ్లో మార్చి మార్చి పెట్టుకుంటున్నాడు. అది చూడగానే నాకు అర్థమైంది.

"ఎన్ని దినాలైంది మానేసి?" అన్నాను.

"ఆస్పత్రిలో చేరినప్పటినుంచి. ఇంట్లో ఉండలేకపోతున్నానయ్యా. నీ దగ్గరికి పోతే ఏదైనా చెబుతావని వచ్చాను. ఇన్నేళ్లు ఎలా ఉన్నావు నువ్వు?"

నాకు చదువు ఆయనంత లేదు. కొలతలు చూడటం ఆయనే నాకు నేర్పాడు. అలాంటాయన నా ముందు కూర్చుని అడుగుతుంటే ఒళ్లు పులకరించింది. అబద్ధం చెప్పకూడదనుకున్నాను.

"మొత్తానికి పోదన్నా. మొన్న వాన పడ్డప్పుడు గుడ వచ్చింది నాకు."

"ఇంకా వస్తుందా?" ఆయన ముఖం పాలిపోయింది.

"వస్తది. వచ్చి పోతది. పోయేదాంక ఏదన్న చెయ్యాలె, అంతే. గిప్పుడు వచ్చిందా?"

తల ఊపాడు. నేను మిషన్ ఆపేసి లేచాను. ఇద్దరం రోడ్డు వారగా నడిచాం. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పెద్దపిల్ల ఇంజినీరింగ్ సీటు గురించి, షెడ్డు రేకులు వానకు కారడం గురించి, నోటికొచ్చిందల్లా. ఆయన విన్నాడో లేదో. ఒకచోట ఆగి గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు.

"తగ్గింది" అన్నాడు, తనే నమ్మలేనట్టు.

"గిదే సంగతి. మల్లొస్తది. మల్లొస్తే ఫోన్ జెయ్యుర్రి."

చాలాసార్లు చేశాడు. కొన్నిసార్లు పొద్దున్నే, కొన్నిసార్లు నేను భోజనానికి కూర్చున్నప్పుడు. నా భార్య కంచం ముందు నుంచి లేస్తున్న నన్ను చూసి, "పో, మాట్లాడిరా, అన్నం యాడికి పోతది?" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లల్లో నా మీద కనిపించే గౌరవం ఉందే, ఎన్ని లేత్‌లు కొన్నా అది దొరికేది కాదు. అన్న మళ్లీ ముట్టలేదు. తనలాగే మానడానికి తంటాలు పడుతున్న ఇంకొకాయన్ని, వాళ్ల వీధిలోనే ఉండే రిటైరైన మాస్టారిని, తర్వాత నా షెడ్డుకు తీసుకొచ్చాడు. నేను ఇంకో కుర్చీ వేశాను.