ఆముదం కలిపిన పూత

మా తమ్ముడి కూతురు పుష్పావతి పూత పూసిన లిథియం రేకు పదకొండు రోజులు నల్లబడకుండా నిలిచింది. మా గార్లదిన్నె మండలంలో ఇంతటి పని చేసినవారు ఇంకొకరు లేరు. లిథియం అంటే బ్యాటరీలో వాడే మెత్తని లోహం. గాలి తగిలినా చెడిపోతుంది.

పన్నెండో రోజు పూత పగిలింది. బెంగళూరులో పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసరు, పూత ముప్పై రోజులు నిలవాలని ఇంకొక్క అవకాశమే ఇచ్చాడు, కాకుంటే వేరే పని చూసుకోమన్నాడు. సంగతి విన్న తల్లి రామాంజినమ్మ, విత్తనపు కందులకు పురుగు పట్టకుండా పూసే ఎర్రమన్నును జల్లెడ పట్టి, మూట కట్టి, బస్సులో బెంగళూరు ల్యాబుకు పంపింది.

పుష్పావతి ఫోనులో మొత్తుకుంది. "అమ్మా, ల్యాబంతా నవ్వుతాండారు! మా పూత వెంట్రుక కన్నా పల్చన."

"పల్చనైతే పగలదా? వట్టి మన్ను ఎండితే పగుల్తాదని నీకు చెప్పాల్నా? రోంత ఆముదం కలుపు, సాగుతాది. అంత సదువుకున్నావు, ఇది తెలీదా మే?"

పుష్పావతి ఆలోచనలో పడింది. తాను పూసిందీ పింగాణీ లాంటి గట్టి పొడే. ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం ఉబ్బుతుంది, సాగని పూత పగులుతుంది. ఆముదం కాదు గానీ, సాగే ప్లాస్టిక్కు కలిపి పూసింది. ఆ రేకు ఇరవై రోజులు దాటినా మెరుస్తూనే ఉంది.

ప్రొఫెసరు అడిగిన ముప్పై రోజులూ శనివారంతో నిండుతాయి. పుష్పావతి ఊరికి వచ్చేది మరునాడే, 2005 అక్టోబరు 9, ఆదివారం.