వరండా దాటి లోపలికి: చర్ల రోడ్డులో కళాకారుల క్లబ్బు

మా చిన్నమ్మ భ్రమరాంబకు అరవై ఎనిమిదేళ్లు. ఎర్రుపాలెం దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎక్కువగా ఎత్తేవాళ్లు కాదు. మొన్న నవంబరులో మోకాళ్లు చూపించుకోవడానికి ఖమ్మం దవాఖానాకు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. తిరిగి వెళ్లేముందు, "భద్రాచలం అవతల, చర్ల రోడ్డులో కళాకారుల క్లబ్బు ఒకటుండేది. ఒక్కసారి చూపిస్తావా నాయనా?" అని అడిగింది. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. ఆదివారం బ్యాంకు సెలవు కాబట్టి సరేనన్నాను.

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగితే ఇడ్లీ తిన్నాం. పాల్వంచ దాటాక రెండువైపులా అడవి మొదలవుతుంది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పది దాటింది. భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని, మెస్సు భోజనం చేసి, రానుపోను పన్నెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. షేర్ ఆటోలు కూడా ఉన్నాయి గానీ, మోకాళ్ల నొప్పి మనిషిని అందులో ఇరికించలేకపోయాను. డ్రైవర్ పేరు ముత్తయ్య, చర్ల వైపు మనిషి. "గా క్లబ్బా సార్? గిప్పుడు గాడికి ఎవరొస్తున్రు? నలుగురు ముసలోళ్లు క్యారమ్స్ ఆడుతరు," అన్నాడు.

పర్ణశాలకు తిరిగే మలుపు దాటాక రోడ్డు పాడైపోయింది. గుంతల్లో ఆటో ఎగిరిపడుతుంటే చిన్నమ్మ ఇనుప కడ్డీ పట్టుకుని పాత సంగతులు చెప్పింది. కలప డిపో గుమాస్తాలు, టీచర్లు, భూములున్నవాళ్లు నాటకాల పిచ్చితో ఆ క్లబ్బు పెట్టుకున్నారట. మగ వేషాలన్నీ సభ్యులవే. ఆడ వేషాలకు మాత్రం మధిర వైపు నుంచి చిన్నమ్మలాంటి నటీమణులను పిలిపించేవాళ్లు. స్టేజీ మీద పక్కన నిలబడి పద్యం పాడిన రాజుగారు, నాటకం అయ్యాక హాల్లోకి వెళ్లి తలుపు మూసుకునేవాడు. వీళ్లకు టీ, టిఫిను వరండాలోకి వచ్చేవి. "పదకొండేళ్లు వచ్చిన. లోపల ఏముంటదో చూడలే," అంది.

రెండున్నరకు చేరాం. పెంకుటిల్లు, టేకు స్తంభాలు, పొడుగాటి వరండా. సెక్రటరీ ఒక రిటైర్డు టీచరు, తెల్ల పంచె కట్టుకుని ఎదురొచ్చాడు. క్లబ్బు చూడటానికి ఖమ్మం నుంచి వచ్చామంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "మీరు లోపలికి రాండి సార్. అమ్మగారికి గీడనే కుర్చీ ఏపిస్త," అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను లోపలికి వెళ్లాను. ఆయన వ్యవస్థాపకుల ఫొటోలు చూపిస్తున్నాడు, నేను తల ఊపుతున్నాను. రెండు నిమిషాల తర్వాత గానీ నాకు బుర్ర పనిచేయలేదు. వెనక్కి చూస్తే చిన్నమ్మ కుర్చీలో కూర్చోకుండా గడప అవతల నిలబడి ఉంది.

"నేనూ లోపలికొస్తా," అంది.

సెక్రటరీ ఇబ్బందిగా నవ్వాడు. "ఏమనుకోకున్రి అమ్మా, ఆడోళ్లు హాల్లకు రారు. రూలు గట్లుంది."

"రాసుందా?"

"అవ్ అమ్మా, నియమావళి ఉంది."

"చూపించు నాయనా."

ఆయన బీరువా తీసి అట్ట ఊడిన చిన్న పుస్తకం తెచ్చాడు. వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివాడు. చివరి పేజీ దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు. క్యారమ్స్ ఆడుతున్న ఇద్దరు పెద్దమనుషులు ఆట ఆపి ఇటే చూస్తున్నారు. సభ్యులు, వాళ్లు వెంట తెచ్చుకున్న అతిథులు రావచ్చని ఉంది. అంతే. "ఆడోళ్ల ముచ్చటే లేదు," అన్నాడాయన, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ముప్పై ఏండ్ల సంది మెంబర్ని. ఎన్నడూ తీసి చదవలే." తర్వాత పుస్తకం మూసి, రిజిస్టరులో అతిథిగా ఆమె పేరు రాసి, పక్కన తనే సంతకం పెట్టాడు. "రాండి అమ్మా."

చిన్నమ్మ నా భుజం పట్టుకుని గడప దాటింది. రెండు క్యారమ్ బోర్డులు, గోడవారగా చుట్టిపెట్టిన రాజదర్బారు తెర, అద్దాల బీరువాలో కిరీటాలు, పెట్టుడు గడ్డాలు, గోడల మీద చెమ్మ మరకలు. అన్నీ మెల్లగా చూసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. "ఇంతేనా?" అంది.

ఆమె ఎవరో నేను చెప్పాక సెక్రటరీ చేతులు జోడించాడు. "ఒక్క పద్యం ఇనిపిస్తరా అమ్మా?" అని బతిమాలాడు. "పాడేది స్టేజీ మీద నాయనా. ఇయ్యాల కూసోనీకి వచ్చిన," అని ఆమె నవ్వింది. ఆయన టీ తెప్పించాడు. ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా తీరిగ్గా తాగింది. మేమెవరం తొందరపెట్టలేదు.

తిరుగు దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపి, ఎక్కడి నుంచని అడిగి పంపించారు. మళ్లీ కదిలాక, "ఆ రూలే లేదంట చూశావా చిన్నమ్మా! అప్పుడే ఒక్కరు అడిగి ఉంటే ఎంత బావుండేది," అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. "అడిగితే లోపలికి రానిచ్చేటోళ్లేమో. మర్నాటి నాటకానికి మాత్రం పిలిచేటోళ్లు కాదు. నాకు ఇంట్ల ఇద్దరు పిల్లలున్నరు గదరా," అంది.

ఈ మాట చాలా రోజులు నా మనసులో ఉండిపోయింది. పాత కట్టడం చూడటానికి వెళ్లినప్పుడు మనం దూలాలు, ఫొటోలు, బీరువాలు చూసి వస్తాం. అక్కడ గడప బయట ఎవరు కూర్చున్నారో, ఎందుకు నోరు విప్పలేదో ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు. పక్కన చిన్నమ్మ లేకపోతే నేనూ ఆ క్లబ్బును మెచ్చుకుని, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేసేవాణ్ణి.

మీరు వెళ్లాలనుకుంటే ఒక సలహా. క్లబ్బు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకే తెరుస్తారు, ఆ తర్వాత భద్రాచలానికి బండ్లు దొరకవు, కాబట్టి ఆటోను అక్కడే ఆపుకోండి. ఆడవాళ్లు వెంట ఉంటే ముందు వాళ్లను గడప దాటనిచ్చి, వెనక మీరు వెళ్లండి.