సగం చుట్ట

ఆమదాలవలస స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరు పది. మంచు పట్టేసి ప్లాట్‌ఫారం చివర కనపడలేదు. మేం నలుగురం: డాక్టరు మేజర్ మేడం, ల్యాబ్ టెక్నీషియన్, డ్రైవరు, హవల్దార్‌ని నేను. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. మాది నరసన్నపేట పక్కనే, ఇక్కడి మాట తెలుసని నన్ను వేశారు. సామాను రెండు ఐసు పెట్టెలు, ఒంటినిండా కప్పే రక్షణ సూట్లు నలభై, మాస్కులు, ఒక అట్టపెట్టె నిండా మాత్రలు.

ఎనిమిదిన్నరకి కోటబొమ్మాళి దాటి ఊరు చేరాం. కోతలైపోయి కళ్లాల్లో కుప్పలున్నాయి. ఆ ఊళ్లో బాతులు మేపే సూరమ్మ కొత్తరకం ఫ్లూ వచ్చి పెద్దాసుపత్రిలో ఉంది. బాతు నుంచి మనిషికి రావడం ఒక ఎత్తు. మనిషి నుంచి మనిషికి పాకితే కొంపలు మునిగినట్టే. అది తేల్చడమే మా పని. ఆర్డరు చిన్నదే: సూరమ్మతో దగ్గరగా మసిలిన ప్రతి మనిషి పేరూ రాయాలి, ఆ రోజే మాత్రలు మొదలెట్టాలి.

ఫారం నింపింది నేను. సూరమ్మ కోడలు వాకిట్లో నిలబడి చెబుతోంది. 'పొగ అలవాటు' అనే గడి వచ్చింది. పక్కనే మేడం, హైదరాబాదు మనిషి. మా వైపు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు. మా అమ్మా అంతే. ఆ సంగతి ఒకసారి నోరుజారి చెప్పినందుకు బ్యారక్‌లో ఏళ్ల తరబడి ఏడిపించారు. మళ్లీ ఆ నవ్వు వినలేననుకున్నాను. అడక్కుండానే 'లేదు' అని రాసేశాను. వెధవ పని.

ఏడు పేర్లు వచ్చాయి. ఏడుగురికీ మాత్రలిచ్చాం.

నాలుగో రోజు, పదకొండు ఇరవై. కళ్లం పక్కనుంచి పోతుంటే దగ్గు వినిపించింది. కుప్ప నీడన ఒకామె కూర్చుని ఉంది. పేరడిగితే గౌరమ్మ అంది. మా జాబితాలో లేదు.

"బాతుల దగ్గరికెళ్లావా పిన్నీ?"

"సీ, ఆ కంపు నాకు పడదు బాబూ. సూరమ్మే వస్తాది నా కాడికి. సిన్నప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకటే సుట్ట. అది సగం పీల్సి ఇస్తాది, మిగతాది నాను. ఆస్పత్రికెళ్లిన రోజు పొద్దున్న కూడా ఇచ్చింది. ఏటి, తప్పేటి?"

వాకీటాకీ తీశాను.

"మేడం, ఎనిమిదో మనిషి. బాతుల్ని ముట్టలేదు. సూరమ్మతో చుట్ట పంచుకుంది. ఓవర్."

"ఫారంలో పొగ అలవాటు 'లేదు' అని ఉందే?"

"నేనే రాశాను మేడం. అడగలేదు."

"సూటు వేసుకో. అంబులెన్సు వస్తోంది." తిట్టినా బాగుండేది.

పన్నెండు ఐదుకి బండి వచ్చింది. ఎక్కబోతూ గౌరమ్మ రొంటిలోంచి సగం కాలిన చుట్ట తీసి తన కోడలికి అందించబోయింది. "ఒలే, దాసుంచు. సూరమ్మొచ్చినాక కాల్సుకుంతాం."

"ముట్టుకోకు!" అని అరిచాను. రోగుల చెత్త వేసే పసుపు సంచి తెరిచి పట్టుకున్నాను.

"ఓలమ్మ! సుట్టకి కూడా జొరమేటిరా?" నవ్వుతూనే అందులో వేసింది.

రెండు రోజులకి టెక్నీషియన్ చెప్పాడు: పాజిటివ్. మాత్రలు ఆలస్యమయ్యాయి. ఆసుపత్రిలో చేరిన ఆరో రోజు గౌరమ్మ పోయింది. మరో కేసు రాలేదు. ఆ మాట చెప్పి మేడం నా భుజం తట్టింది. నాకు ఏడుపాగలేదు.

మేం బయల్దేరిన రోజు ఉదయం తొమ్మిదికి జీపు కళ్లం పక్కనుంచే వెళ్లింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సూరమ్మ ఆ కుప్ప నీడనే కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. సగం అయ్యాక చుట్ట నోట్లోంచి తీసి, అటు చూడకుండానే, అలవాటుగా పక్కకి చాపింది.