కాళ్ళొచ్చిన ఇటుకలు

నా చిన్నప్పుడు, తొంభైలలో, మేం దోహాలోని అల్ ముంతజా పేటలో ఒక పాత విల్లా వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. పెరట్లో రెండు చాపలు పరిచినంత నేల ఉండేది. దాన్ని మా అమ్మా, పక్కగదిలో ఉండే కడప అక్కా చెరిసగం పంచుకుని మధ్యలో ఇటుకలు వరసగా పేర్చారు. అక్క ఆ విల్లాలోనే ఇంటిపని చేసేది. అటు ఆమె గోంగూర, ఇటు మా తోటకూర.

విల్లా ఏసీ నుంచి కారే నీళ్ళు అక్క వైపు పడేవి. గోంగూర నిగనిగలాడేది. మా తోటకూర తల వాల్చేది, అమ్మ నిట్టూర్చేది. నేను బడి నుంచి రాగానే ఇటుకల్ని రోజుకు రెండు వేళ్ళంత అటు జరపడం మొదలుపెట్టాను. అడ్డొచ్చిన గోంగూర మొక్కల్ని పీకి గోడవతల పారేశాను. మడికి నీళ్ళు పోసేది నేనే కనుక, గీత ఎక్కడుందో అమ్మ పట్టించుకోలేదు.

అక్క గమనించింది. "ఏమో వదినా, ఇటుకలు మా పక్కకు జరిగినట్టుండాయే" అంది నవ్వుతూనే.

అమ్మకు నిజంగానే ఏమీ తెలియదు. అందుకే కోపం రెట్టింపయింది. "నీ పిడికెడు మన్ను నాకెందుకే? ఉత్తగ నిందలేస్తవా?" అని, చుట్టుపక్కల ఆడవాళ్ళకు వచ్చీరాని హిందీలో కూడా చెప్పి, వాళ్ళ ముందు ఆమెను అబద్ధాలకోరు చేసింది. ఆ వీధిలో అక్కతో తెలుగు మాట్లాడే తోడు మా అమ్మ ఒక్కతే. ఆ తోడు పోయింది. నేను లోపల హోంవర్క్ చేసుకుంటూ అంతా విన్నాను.

తగువు తీర్చమని శుక్రవారం మా పెద్దనాన్నను పిలిచారు. ఆయన దోహాలోనే ఒక సర్వే కంపెనీలో పటాలు గీసేవాడు. ఎవరినీ ఏమీ అడగకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సంచీలోంచి ఒక జిరాక్స్ కాగితం తీశాడు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన వాళ్ళ ఇంజనీరు ఇచ్చాడట. గుండ్రటి కొండలు, వంకర వాగు, ఒక పెద్ద చెట్టు. పిల్లలు గీసినట్టే ఉంది.

కాలిఫోర్నియా మెక్సికో ఏలుబడిలో ఉన్నప్పుడు, పశువుల మేతకు భూమి కావాలన్నవాళ్ళు దాని బొమ్మ ఇలా చేత్తో గీసి అర్జీతో పాటు ఇచ్చేవారట. కొలతంటే గుర్రాల మీద తాడు పట్టుకుని పోవడమే. తర్వాత అమెరికా వచ్చి రుజువు అడిగినప్పుడు ఆ బొమ్మలే సాక్ష్యానికి నిలిచాయట. ఇప్పటికీ భద్రంగా ఉన్నాయట.

"కొలత తప్పొచ్చు బిడ్డా. రోజూ తిరిగిన నేలను చెయ్యి మర్వదు. మన పెరడు గియ్యి, సూద్దాం."

ఉత్సాహంగా గీశాను. నల్లా, గోడ, బట్టల తీగ కట్టిన గుంజ, ఏసీ గొట్టం, దాని కింద చుక్కలు. ఇటుకల వరసను, మొదట్లో ఉన్నట్టే, సరిగ్గా గుంజ దగ్గర మొదలుపెట్టాను. చుక్కలు అక్క గోంగూరలో పడ్డాయి.

ఆయన కాగితంతో పాటు నన్నూ పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఇటుకలు గుంజ దాటి మూరెడు అవతల ఉన్నాయి.

"వీటికి కాళ్ళొచ్చినయారా?" అన్నాడు మెల్లగా. "మీ అమ్మకు నువ్వు చెప్తవా?"

నేను అడ్డంగా తలూపి ఒక ఇటుకను ఎత్తాను. ఇద్దరం ఇటుకల్ని వెనక్కి పెట్టాం. ఆయన లోపలికెళ్ళి, "నీళ్ళకు నేల మెత్తవడి జరిగినయ్. ఎవరి తప్పూ లేదు" అన్నాడు. నా కోసం ఆడిన అబద్ధం అది. బొమ్మను మాత్రం నా చేతిలో పెట్టి, "దాచుకో, పనికొస్తది" అన్నాడు.

అమ్మ మళ్ళీ మాట కలిపింది కానీ అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. ఆ ఏడాదే అక్క ఊరికి వెళ్ళిపోయింది. వెళ్తూ మా గుమ్మంలో గోంగూర కట్ట పెట్టింది. నేనూ తిన్నాను.

అమ్మకు నిజం చెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. నిరుడు ఆ కాగితం చూపించి చెప్పాను. ఆమె గీత మీద వేలు పెట్టింది. "ఎంత మాటంటినిరా ఆ పిల్లను. ఏ ఊరో సుత అడగకపోతి" అంది.

కడప వైపని తప్ప మాకు ఆ ఊరు ఇప్పటికీ తెలియదు. అక్క ఎక్కడైనా ఎదురైతే చూపిద్దామని కాగితాన్ని పర్సులోనే పెట్టుకు తిరుగుతున్నాను. మడతల దగ్గర చిరిగిపోతోంది. గీత మాత్రం గుంజ దగ్గరే ఉంది.