సంగప్ప దించిన జీవాలు

సంగప్ప పశువుల దవాఖానలో అటెండరు. కురుమవాళ్ల బిడ్డ, నడక నేర్చిందే గొర్రెల వెంట. మూడేళ్లుగా అతనికి వేసిన పని వేరు. లక్డారం దారి మలుపులో నిలబడి, దుబాయికి మాంసం పంపే ఫ్యాక్టరీకి పోయే లారీలను ఆపాలి. జీవాలు కాగితంలో రాసినన్నే ఉన్నాయా, నీళ్లు తాగించారా అని చూడాలి. ఎక్కువుంటే దించి, నీళ్లు పెట్టి, సేద తీర్చాలని రూలు. దించడానికి జాగా మాత్రం ఎవరూ చూపలేదు. ఆ రూలు రాసినవాళ్లను మే నెలలో ఈ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టాలి.

అందుకే అతను తప్పు రాసుకుని లారీని వదిలేసేవాడు. ఇంటికెళితే ముద్ద దిగేది కాదని అతని భార్య ముత్యమ్మ నాతో చెప్పింది.

మొన్న మే నెలలో మిట్టమధ్యాహ్నం రెండంతస్తుల లారీ ఒకటి వచ్చింది. కాగితంలో ఎనభై, లోపల తొంభై రెండు. కింది అంతస్తులో గొర్రెలు నాలుకలు వేలాడేసి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. మలుపులో ప్రహరీ కట్టిన జాగా మాదే. సంగప్ప ఉరుక్కుంటూ వచ్చాడు.

“అక్కా, గేటు తియ్యి. ఇంకో గంటైతే సగం సస్తయి.”

“తీస్త గని, నా టమాట నారు తొక్కితే నిన్ను ఆడనే కట్టేస్త.”

“కట్టేయ్. ముందుగాల తొట్టి నింపు.”

నింపాను. డ్రైవరు లింగం సీట్లోంచి అరిచాడు: “సారూ, దించితే నా జిమ్మేదారి కాదు. జెర సోంచాయించు!”

సంగప్ప ఆగి ఆలోచించలేదు. ఏ మందకైనా ముందు నడిచే పొట్టేలు ఒకటుంటుంది. దాన్ని దించి పిలిస్తే మిగతావి వరసగా వస్తాయి. వాళ్ల తాతల నాటి పద్ధతి అది. కింది తలుపు తీసి ఉంచి, పై అంతస్తుకు చెక్క పలక వాలించి, బలమైన పొట్టేలును చూసి దించి, నోటితో పిలిచాడు.

కానీ అది మంద కాదు. పది సంతల్లో కొన్న జీవాలు, దేనికీ ఏదీ పెద్ద కాదు. పిలుపు ఒక్కటీ వినలేదు. నీళ్ల వాసన మాత్రం అన్నిటికీ తగిలింది. పైనున్నవన్నీ ఒక్కసారే దూకాయి. పలక జారింది. కింది తలుపు దగ్గర లేవలేక పడి ఉన్నవాటి మీద ఇవి పడ్డాయి.

“ఆగున్రి బిడ్డా, ఆగున్రి!” అంటూ సంగప్ప చేతులడ్డం పెట్టాడు. నేను కాళ్లు దొరికినదాన్నల్లా బయటికి లాగాను.

పద్నాలుగు చచ్చాయి. మిగతావి వాటిని దాటుకుంటూ వెళ్లి నీళ్లు తాగాయి.

సాయంత్రం ఎక్కిస్తూ లింగం లెక్కపెట్టాడు. “డెబ్బై ఎనిమిది. కాగితంల ఎనభై. ఇగ రూలు సరిపాయె గద సారూ, సంతకం వెట్టు.”

“నీ నోట్ల మన్నువడ!” అన్నాను.

సంగప్ప సంతకం పెట్టకుండా, లారీని ఆపానని దవాఖాన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

“లెక్క ఎక్కువుందా?” అందామె.

“లేదు మేడమ్. తక్కువనే.”

“నీళ్లు తాగాయా?”

“తాగినయ్.”

“మరి ఎందుకు ఆపావు? పంపు.”

అతను సంతకం పెట్టాడు. చచ్చినవాటిని ఫ్యాక్టరీ తీసుకోదని లింగం నా జాగాలోనే వదిలి పోయాడు. సంగప్ప వాటి మధ్య కూర్చుని ఒకదాని చెవి నిమురుతున్నాడు. మలుపులో ఇంకో లారీ హారన్ కొట్టింది.

“లే, సంగప్పా. అండ్ల గూడ జీవాలే ఉన్నయి. సూడాలె గద.”

“సూసి? మళ్ల దించాల్నా అక్కా?”

లారీ ఆగకుండా పోయింది.