గంగమణి సెగలకు మందు అడగబోయి

నెలసరి ఆగి రెండేళ్లయినా మా చెల్లెలు గంగమణికి ఒంట్లో సెగలు తగ్గలేదు. హార్మోన్ బిళ్లలు వేసుకుంటే నయమని ఎవరో చెప్పారట. అడిగి వద్దామని మొన్న చలికాలంలో ఉదయం ఏడున్నరకు నందిపేట్‌లో ఆర్మూర్ ఆటో ఎక్కాం. బోర్డులు చదివే పని నాది. అరవై ఏళ్ల వయసులో నేర్చిన అక్షరాలు ఊరికే పోకూడదు. ఆటో నిండితేనే కదులుతుంది, తొందరున్నవాళ్లు ముందే రండి.

అందరం కొంగులు కప్పుకుంటే చెల్లెలు విసురుకుంటూ కూర్చుంది.

"గీ చలిల విసురుకునుడేందక్కా?" అంది ఉడకబెట్టని పచ్చి పసుపు కొమ్ముల సంచితో ఎదురుగా ఉన్నామె.

"నీ సంచి గిటియ్యి. నా ఒంటి మీదనే ఉడకబెట్టిస్త," అంది చెల్లెలు. ఆటో అంతా నవ్వింది.

తొమ్మిదికి ఆర్మూర్ దవాఖానలో చీటీ రాయించి, పక్కన ఇడ్లీ తిన్నాం. చట్నీ ఉత్త నీళ్లు. పది దాటాక పిలిచారు.

"బిళ్లలతోని సెగలు తగ్గుతయి, ఎముకలకు గూడ మంచిది. కానీ అందరికీ పడవు," అంది డాక్టరమ్మ. "మీ ఇంట్ల ఎవరికన్నా రొమ్ముల క్యాన్సర్ గడ్డ అయిందా?"

"లేదమ్మా. మా అమ్మ కామెర్లతోని పోయింది," అంది చెల్లెలు.

ఉన్నమాట మొహం మీదే అనే నేను గోడ మీది బోర్డు చదువుతూ కూర్చున్నాను. డాక్టరమ్మ రాయబోతుంటే చెప్పేశాను.

"కామెర్లు గాదు, రొమ్ముల గడ్డనే. నీకప్పుడు పదేండ్లు. నీకు సంబంధాలు రావని నాయిన ఎవ్వరికీ చెప్పద్దన్నడు."

"నలభై ఏండ్లు దాచినవా? నా కోడలి కూర బాగలేదని మాత్రం దాని ముంగటనే అంటవు!"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అమ్మకు అయిందని బిళ్లలు బంద్ అని గాదు. తొందరపడద్దు. ముందు నిజామాబాద్‌ల రొమ్ము ఎక్స్‌రే ఫొటో తీయించుకోండ్రి. అందాక సెగలకు వేరే మందిస్త. పెద్దమ్మా, మీరు గూడ."

"నేను తోడొచ్చిన."

"ఆమె అమ్మనే గద మీకూ అమ్మ. ఆడపిల్లలుంటే వాళ్లకూ చెప్పండ్రి."

ఒంటిగంటకు నందిపేట్ ఆటోలో కూర్చున్నాం. చెల్లెలు నా వైపు తిరిగింది. "వేల్పూర్‌ల నీ బిడ్డకు ఎరుకనా?" అంది.

"ఫోన్ చేస్త తియ్యి."

"దిగు."

వేల్పూర్ ఆటో ఎక్కించింది. మూడింటికి బిడ్డ గడపలో నిలబెట్టి, నేను చెప్పేదాకా పక్కనుంచి కదల్లేదు. బిడ్డ నన్ను తిట్టి, చాయ్ పోసి, నిజామాబాద్ తనూ వస్తానంది.

చీకటి పడ్డాక ఇల్లు చేరాం. ఈ పని మీద పోయేవాళ్లు ఇంట్లో ఎవరు దేంతో పోయారో పెద్దవాళ్లను అడిగి పోండి. చెప్పకపోతే తిట్టయినా అడగండి. తిడితే మా పెద్దవాళ్లం చెప్తాం.